షమ్సా మామా కీరదోస ఇల్లు

పోయిన నెల మదనపల్లె దగ్గర మా చెల్లెలి తోటికోడలు టమోటా నారు పెంచడానికి పాలీహౌస్ వేయించింది. వచ్చి చూసి పొమ్మని పదే పదే ఫోన్ చేస్తే, బడి లేని ఒక ఆదివారం వెళ్ళాను. బస్సు దిగి పొలం దాకా నడిచేసరికే, ఈ మోకాళ్ళు పెట్టుకుని ఇంత దూరం ఎందుకొచ్చానా అనిపించింది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే, ఎదురుగోడకి బిగించిన తడి అట్టల మీదుగా గాలి వచ్చి మొహానికి తగిలింది. తడిసిన అట్ట, పశువుల ఎరువు, లేత ఆకు కలిసిన వాసన. ఆ అమ్మాయి నారు ట్రేలు చూపిస్తూ ఏదో చెబుతూనే ఉంది, నేను తల ఊపుతూనే ఉన్నాను. ఒక్క ముక్క వినపడలేదు. కాసేపటికి బయటికొచ్చి గట్టు మీద కూలబడితే, ఎండ తగిలిందనుకుని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆ వాసన నేను మళ్ళీ పీలుస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఇంటికి వచ్చాక కూడా రెండు మూడు రోజులు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

నేను ఒమన్ వెళ్ళేనాటికి పాతికేళ్ళు నిండలేదు. పెళ్ళయిన కొద్ది కాలానికే మనిషి పోయాడు. రాయచోటి పక్క మా ఊళ్ళో బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోతున్న రోజులవి. అన్న ఇంట్లో నేనొక అదనపు కంచాన్ని. మా వైపు ఆడవాళ్ళు గల్ఫుకు పోయి ఇళ్ళల్లో పనిచేసి రావడం అప్పటికే మామూలు కాబట్టి, నేనూ పోతానంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎవరూ వద్దనలేదు కూడా. ఆ వద్దనకపోవడం చాలాకాలం మనసులో గుచ్చుకుంటూ ఉండేది. మస్కట్‌లో రూవి అనే పేటలో మమ్మల్ని దించిన ఏజెంటు ఆఫీసులో, నాలాంటి ఆడవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తుంటే, ఒక సాయంత్రం నా పేరు పిలిచి ఇబ్రా అనే ఊరికి వెళ్ళే బండి ఎక్కించారు. మస్కట్ దీపాలు వెనకబడ్డాక దారంతా రాళ్ళ కొండలే. చెట్టు కనపడితే ఊరొచ్చిందనుకునేదాన్ని.

ఆ ఇల్లు ఊరి చివర ఖర్జూరపు తోటల పక్కన ఉండేది. వెనకగా ఫలజ్ పారేది. ఎక్కడో కొండల అడుగు నుంచి తోటలకి నీళ్ళు తెచ్చే రాతికాలువ అది. ఇంట్లో ఉండేది ఒక్క ముసలామె, షమ్సా. ఆమె కొడుకు నాసర్ మస్కట్‌లో ఏదో సర్కారు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, భార్యాపిల్లలతో అల్ ఖౌద్‌లో ఉండేవాడు. అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. బుధవారం సాయంత్రమైతే వాళ్ళంతా ఇబ్రాలో దిగేవాళ్ళు. ఇంటి యజమానురాలిని అక్కడ పనివాళ్ళు మామా అని పిలుస్తారు. మన చెవికి అది మేనమామను పిలిచినట్టుంటుంది. మొదట్లో పిలవాల్సి వచ్చినప్పుడల్లా నవ్వొచ్చేది. పక్కింట్లో పనిచేసే ఓబులమ్మ, మాది పులివెందుల పక్క అని చెప్పుకున్న పెద్దామె, "నవ్వుకో మే, నవ్వు కొన్నాళ్ళే ఉంటాది" అంది. నిజమే. కొన్నాళ్ళకి ఆ మాట నోటికి అలవాటైపోయింది.

షమ్సా మామాకి పనిలో తొందర గిట్టదు, ఆలస్యమూ గిట్టదు. తెల్లవారుజామున ఆమె నమాజు ముగించేలోపు నేను కహ్వా కాచాలి. వేయించి దంచిన కాఫీ గింజల్లో యాలకులు వేసి, పాలూ చక్కెరా లేకుండా. వంటింట్లో ఆ యాలకుల వాసన, రాత్రి వేసిన సాంబ్రాణి పొగ మిగులు, గోడ పక్కన గంపలో ఎండు నిమ్మకాయల పులుపు, అన్నీ కలిసి ఉండేవి. ఖర్జూరం ఒకటి తిని, చిన్న గిన్నెలో కహ్వా ఒక గుక్క తాగి, తలగుడ్డ కొసకు కట్టుకున్న తాళంచెవులు తడిమి చూసుకుని, అప్పుడు రోజు మొదలైనట్టు లేచేది. తర్వాత పెనం మీద కాగితమంత పల్చటి రొట్టెలు, మేకలకు గడ్డి, వాకిలి కడగడం, బట్టలు. మధ్యాహ్నం తిండి అయ్యాక ఊరంతా తలుపులు వేసుకుని పడుకునేది. నేను మాత్రం ఇస్త్రీ చేసేదాన్ని. నాసర్ పిల్లల బట్టలు కూడా వారం వారం మూట కట్టుకొచ్చి ఇక్కడే దించేవాళ్ళు. రాత్రి నడుము వాల్చేసరికి వేళ్ళ కణుపులు కూడా అలిసిపోయి ఉండేవి. తిట్టేవాళ్ళు లేరు, కొట్టేవాళ్ళు లేరు. అయినా ఒంట్లో ఏదో రోజూ కొంచెం కొంచెం ఇంకిపోతున్నట్టుండేది.

మేకల దొడ్డికి అవతల, వంపు తిరిగిన ఇనుప గొట్టాల మీద దళసరి ప్లాస్టిక్ కప్పిన పొడుగాటి కట్టడం ఒకటి ఉండేది. ఒక కొసన గోడంత ఎత్తున అట్టలు. తేనెపట్టులా గూళ్ళు గూళ్ళుగా ఉండి, పైనుంచి నీళ్ళు కారుతుంటాయి. రెండో కొసన పెద్ద ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి లాగేస్తాయి. బయటి వడగాలి ఆ తడి అట్టల్లోంచి దూరి వచ్చేసరికి చల్లబడుతుంది. మన ఎయిర్ కూలర్ లాంటిదే, మొక్కల కోసం పెట్టింది. మామా భర్త పోయాక ఆమెకు కాలక్షేపంగా ఉంటుందని నాసర్ కట్టించాడట. చూసుకునే బంగ్లాదేశ్ మనిషి సొంతూరు వెళ్ళి తిరిగి రాలేదు. నేను వెళ్ళేసరికి అది ఖాళీగా పడి ఉంది. లోపల ఎండిన తీగలు దారాలకు అలాగే వేలాడుతుండేవి. మామా రోజూ ఒకసారి తలుపు దాకా వెళ్ళి, చూసి తిరిగొచ్చేది.

సముద్రం వైపు పెద్ద తుఫాను వచ్చి మస్కట్ రోడ్లు కొట్టుకుపోయిన ఏడాది, ఎండలు తగ్గుముఖం పట్టాక, వాకిట్లో విడిగా ఉన్న చిన్న వాటాలోకి ఎల్సీ అద్దెకు దిగింది. ఊళ్ళో కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. కెనడా మనిషి అని నాసర్ చెప్పాడు గానీ, గుండ్రటి మొహం, చిన్న కళ్ళు, నల్లటి జడ చూసి నేను నేపాల్ ఆమె అనుకున్నాను. మామాకి కూడా అదే అనుమానం. ఒక సాయంత్రం కహ్వాకు పిలిచి, తెల్లవాళ్ళ దేశం నుంచి వచ్చి తెల్లగా లేవేమని మొహం మీదే అడిగేసింది. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఆ నేల మీద ఉన్న జనం తమవాళ్ళని ఎల్సీ చెప్పింది.

"అయితే ఇంటివాళ్ళు మీరే కదా" అంది మామా.

"ఇంటివాళ్ళమే. తాళంచెవులు వాళ్ళ దగ్గరున్నాయి" అంది ఎల్సీ.

మామా ఆమె గిన్నెలో ఇంకొంచెం కహ్వా పోయమని నాకు సైగ చేసింది. ఆ రోజు నుంచి ఎల్సీ అద్దెమనిషి కాదు.

ఎల్సీది, నాది ఇద్దరిదీ విరిగిన అరబ్బీయే. ఆమె పుస్తకం చూసి నేర్చుకున్నది, నేను వంటింట్లో నేర్చుకున్నది. రెండూ కలిపితే ఒక మాట పూర్తయ్యేది. ఖాళీ ప్లాస్టిక్ ఇల్లు చూసిన రోజు ఆమె లోపలికి వెళ్ళి మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూసింది. వాళ్ళ ఊరు ఉత్తరాన ఎంత దూరమంటే, చలికాలంలో సూర్యుడు రావడమే మానేస్తాడట. నేల ఏడాదిలో ఎక్కువ భాగం రాయిలా గడ్డకట్టి ఉంటుంది. వేట, చేపలు, అడవిజింక మాంసం, ఇవే తిండి. కూరగాయలు విమానంలో వచ్చేసరికి వాడిపోయి నల్లబడి ఉండేవి. అలాంటి ఊళ్ళో వాళ్ళమ్మ, మరికొందరు ఆడవాళ్ళు కలిసి, వాడకుండా వదిలేసిన ఒక షెడ్డుకు పైకప్పు తీసేసి, వెలుతురు పడేలా పలకలు వేసి, కట్టెల పొయ్యి పెట్టి, లోపల ఆకుకూరలు పెంచారు. ఆ ఊరి ముసలివాళ్ళు మొదట ఆకుకూరను కుందేళ్ళ తిండి అని వెక్కిరించారట. తర్వాత వాళ్ళే రోజూ వచ్చి బెంచీల మీద కూర్చునేవారట. నాటడానికీ, కోయడానికీ కాదు, తడిమట్టి వాసన కోసం. ఎండాకాలంలో సూర్యుడు అసలు అస్తమించడు కాబట్టి పాలకూర నిద్రలేక ఊరికే పూతకొచ్చేస్తుందని, సాయంత్రమని దాన్ని నమ్మించడానికి వాళ్ళమ్మ దుప్పటి కప్పేదని ఎల్సీ చెబుతుంటే, మామా కళ్ళు పెద్దవి చేసుకుని వింది. అంతా విని, ఆ ఊళ్ళో మేకలు ఏం తింటాయని అడిగింది. అక్కడ మేకలు లేవని తెలిసి నిజంగా బాధపడింది. మేకల్లేని ఊరు ఎలా తెల్లవారుతుందని మర్నాడు కూడా నన్ను అడిగింది.

అట్టలు మార్పించడానికి నాసర్ ఒప్పుకున్నాడు. పాత తీగలు నేనే పీకేశాను. ఎల్సీ కాలేజీ నుంచి వచ్చాక, సాయంత్రం చేసే అసర్ నమాజు తర్వాత, ముగ్గురం లోపలికి వెళ్ళేవాళ్ళం. కీరదోస గింజలు నాటాం. మా నాన్న చేలో నేర్చిన పనే కదా, పక్క కొమ్మలు గిల్లడం, తీగను దారానికి చుట్టడం నా చేతులకి తెలుసు. పెళ్ళికి ముందు వదిలేసిన పని మళ్ళీ చేతికొచ్చేసరికి ఆ వేళ్ళ నొప్పి కొంచెం తగ్గినట్టుండేది. మామా బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఆజ్ఞలిచ్చేది. ఒక్కో తీగకు ఒక్కో చుట్టం పేరు పెట్టింది. ఎదగని తీగకు తన ఆడపడుచు పేరు. బయట ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే రోజుల్లో కూడా లోపల మా చేతుల మీద నీటి చెమ్మ ఉండేది. తొలి కాయ కోసిన రోజు మామా దాన్ని తలగుడ్డ కొసతో తుడిచి, మూడు ముక్కలు విరిచి, మాకు చెరొకటి ఇచ్చింది. ఆ ఇంట్లో నేను ఆమెతో పాటు ఆమె ఎదుట తిన్న మొదటి తిండి అది. ఉప్పు కూడా లేదు. నీళ్ళలాగా ఉంది. ఇప్పటికీ కీరదోస కొంటాను, ఆ రుచి ఏదీ రాలేదు.

తర్వాతి ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను ఇస్త్రీ చేస్తున్నాను. ఏసీ చప్పుడు ఆగిపోగానే నాకు తీగలే గుర్తొచ్చాయి. ఫ్యాన్లు ఆగితే ఆ ప్లాస్టిక్ ఇల్లు పొయ్యి అయిపోతుంది. వెంటనే గాలి ఆడేలా పక్కల వేలాడే ప్లాస్టిక్ తెరలు పైకి చుట్టాలి. ఇస్త్రీ పెట్టె కింద పెట్టి, మామా లేస్తుందేమోనని చప్పుడు కాకుండా ఆమె గది మీదుగా వెళ్ళబోతే, మంచం ఖాళీగా ఉంది. నాకంటే ముందే ఆమెకు తెలిసింది. నన్ను పిలవకుండా తనే వెళ్ళింది. నేను దొడ్డి దాటి పరుగెత్తేసరికి తలుపు తీసి ఉంది. సగం దాకా ఒక తెర చుట్టి ఉంది. మామా ఆ చివర, తీగల మధ్య, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మొహం ఎర్రగా, పొడిగా, ఒక్క చెమట చుక్క లేదు. పిలిస్తే ఏదో అంది గానీ అది అరబ్బీ కాదు, ఏ భాషా కాదు.

చంకల కింద చేతులు వేసి లాక్కొచ్చాను. మనిషి చిన్నదే, ఆ క్షణంలో బండరాయి. నా కేకకి ఎల్సీ చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చింది. ఇంట్లోకి తీసుకెళ్తే అక్కడా ఏసీ లేదు. ఇద్దరం మోసుకెళ్ళి ఫలజ్‌లో పడుకోబెట్టాం. ఖర్జూరపు చెట్ల నీడలో ఆ రాతికాలువ సరిగ్గా ఒక మనిషి పట్టేంత వెడల్పు. ఎల్సీ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది, నేను దోసిళ్ళతో గుండెల మీద నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. ఆమె తలగుడ్డ జారి నీళ్ళలో కొట్టుకుపోతుంటే, జీవితంలో తల చూపించని మనిషి కదా అని, నా చున్నీ తీసి కప్పాను. ఓబులమ్మ వాళ్ళ యజమాని బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికింది. కానీ వెళ్ళిన మామా మొత్తంగా తిరిగి రాలేదు. ఎడమకాలు ఈడ్చేది, మాట కోసం మధ్యలో ఆగిపోయేది.

నాసర్ ఆ సాయంత్రమే వచ్చి, తల్లిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేదాకా ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తల్లిని ఒంటరిగా వదిలేశానన్న భయం ఎటు పోవాలో తెలియక నా మీదికి వచ్చింది. అప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాడు. ఇస్త్రీ అన్నాను. ఎవరి బట్టలని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. నన్ను తిరిగి రూవి ఆఫీసుకు పంపేస్తానన్నాడు. ఎల్సీ వాకిట్లో నిలబడి తన పుస్తకం అరబ్బీలో అతనితో చాలాసేపు మాట్లాడింది. అతను నేల చూస్తూ విన్నాడు. చివరికి మంచం మీంచి మామాయే, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పింది.

"నేనే వెళ్ళాను. ఈ పిల్ల రాకపోతే నువ్వు ఆ రోజు శవం దగ్గరికి వచ్చేవాడివి."

ఆఫీసుకు పంపడం ఆగింది. కానీ ప్లాస్టిక్ విప్పించేశాడు. తల్లిని చూసుకోవడానికి నర్సు పని తెలిసిన ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయిని పెట్టి, నన్ను అల్ ఖౌద్‌లో తన పిల్లల దగ్గరికి రమ్మన్నాడు. పోనని అంటే ఏమవుతుందని ఓబులమ్మను అడిగాను. "నోరు మూసుకోని పో మే. మళ్ళా ఆపీసుకు పంపిస్తే ఏ ఇంట్లో పడతావో దేవునికెరుక. పిల్లోల్లుండే ఇల్లు గదా, వేళకింత తిండన్నా ఉంటాది" అంది. వెళ్ళాను. వెళ్ళేటప్పుడు మామా నిద్రపోతోంది. లేపొద్దన్నారు. ఎల్సీ కాలేజీ గడువు కూడా ఆ ఎండలతోనే ముగిసింది. వాళ్ళమ్మకు కళ్ళు ఆనడం లేదని, ఊళ్ళో ఆ ఆకుకూరల షెడ్డు పొయ్యి చూసుకునేవాళ్ళు కావాలని వెళ్ళిపోయింది.

అల్ ఖౌద్ ఇంట్లో నాకు గుర్తున్నవి టైల్స్, లాండ్రీ పౌడరు వాసన, పిల్లల బూట్లు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఒక ఈద్‌కి నన్ను కూడా ఇబ్రా తీసుకెళ్ళారు. ఇనుప గొట్టాలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య చాపలు పరిచి ఖర్జూరాలు ఎండబెట్టారు. మామా నా చెయ్యి పట్టుకుని అక్కడి దాకా నడిచి, ఒక గొట్టానికి ఆనుకుని నిలబడింది. తీగల గురించి ఏమైనా అంటుందేమోనని చూశాను. ఈగలు ముసురుతున్నాయి, గుడ్డ కప్పు, అంది. కప్పాను.

ఆమె పోయిన కబురు ఒక పొద్దున అల్ ఖౌద్‌కి వచ్చింది. నాసర్, అతని భార్య పెద్దపిల్లలను తీసుకుని అప్పటికప్పుడు బయల్దేరారు. నేనూ వస్తానని అడిగాను. చిన్నపిల్లలను ఎవరు చూస్తారని అతని భార్య అడిగింది. అందులో కోపం లేదు, ఉన్నమాట. వాళ్ళు ఇబ్రాలో ఉన్నన్ని రోజులూ నేను పిల్లలకు వండి, స్నానాలు చేయించి, కార్టూన్లు పెట్టాను. ఇంటికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మంలోనే ఆగి, వాళ్ళు ఎప్పుడొస్తారని అడిగి వెళ్ళిపోయారు. వాళ్ళకి నేను కబురు చెప్పే మనిషిని. ఆ ఇంటి దుఃఖంలో నాకు వాటా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగినప్పుడల్లా, నాదేం పోయిందని నన్ను నేనే కసురుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. ఎల్సీ. అప్పుడప్పుడూ మామాతో మాట్లాడటానికి ఇబ్రా ఇంటికి చేస్తుండేదట. ఈసారి చేస్తే కబురు తెలిసి, ఈ నంబరు అడిగి తీసుకుంది. అరబ్బీ చాలా మర్చిపోయింది. మధ్యలో గాలి హోరు లాంటి చప్పుడు.

"నీ దగ్గర ఎవరు కూర్చున్నారు?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. పిల్లలు అన్నాను.

"అది కాదు. మామా పోయింది. నీ కోసం ఎవరు వచ్చారు?"

ఎవరూ రాలేదన్నాను.

"అయితే నేను కూర్చుంటాను" అంది. ఇంకేమీ మాట్లాడలేదు. ఫోన్ పెట్టేయలేదు కూడా. అక్కడ ఎవరో కట్టె పగలగొడుతున్న చప్పుడు, ఒక ముసలి గొంతు ఏదో అడగడం, ఎల్సీ తన భాషలో జవాబు చెప్పడం వినపడ్డాయి. నేను వంటింటి నేల మీద కూర్చుని ఏడ్చాను. కార్డు అయిపోయి లైను తెగేదాకా ఆమె అలాగే ఉంది. తర్వాత మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

తిరిగొచ్చాక ఆగిన చదువు పూర్తి చేశాను, బడిలో తెలుగు చెబుతున్నాను, ఇలా నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇప్పుడు పాలీహౌస్‌లు మా వైపు కూడా వచ్చాయి, మా ఊరి ఆడవాళ్ళు ఇంకా గల్ఫుకు పోతూనే ఉన్నారు. విమానాలు సులువయ్యాయి, ఫోన్లలో మొహాలు కనిపిస్తున్నాయి. అలసట మాత్రం ఆ రోజుల్లోదే ఇంకా ఒంట్లో ఉన్నట్టుంటుంది. మా వీధిలో ఎవరైనా పోతే నేనూ అందరిలాగే పరామర్శకు వెళ్తాను. పెద్దవాళ్ళు కూర్చున్న గదిలోకి వెళ్ళేముందు పెరట్లోకి వెళ్తాను. అక్కడ అంట్లు తోముతూ ఎవరో ఒకామె ఉంటుంది. ఆ పోయిన మనిషికి ఎన్నో ఏళ్ళు అన్నం పెట్టి, మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టిన మనిషి. ఆమె పక్కన గచ్చు మీద కాసేపు కూర్చుంటాను. మొదట్లో వాళ్ళు కంగారుపడి లేవబోతారు. తర్వాత తోమడం ఆపేస్తారు.